వాచ్‌మన్ గది ఎవరి పేరున

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను హైదరాబాదు పడమటి శివార్లకు రక్షణాధికారిగా వేశారు. గృహహింస చట్టం కింద ఉండే పోస్టు ఇది. బాధితురాలు చెప్పింది విని సంఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాలి. దాన్ని మేం డీఐఆర్ అంటాం. ఉచిత న్యాయవాదిని, వైద్యాన్ని, అవసరమైతే వసతి గృహాన్ని చూపించాలి. కోర్టు ఉత్తర్వు వచ్చాక అది అమలవుతోందో లేదో కనిపెట్టాలి. సర్వీసులోకి రాకముందు కొన్నేళ్లు దినపత్రిక డెస్కులో పనిచేసినందువల్ల ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వరుసగా అడగడం నాకు అలవాటు. ఈ ఉద్యోగంలో అది బాగానే పనికొచ్చింది.

హఫీజ్‌పేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి మహిళా హెల్ప్‌లైనుకు ఫోన్ చేసింది. వాచ్‌మన్ భార్య చేతికి కట్టుతో కనిపించిందనీ, అడిగితే జారిపడ్డానంటోందనీ చెప్పింది. ఆ ఫిర్యాదు నా దగ్గరకు వచ్చింది.

ఆమె పేరు బిమల. ఊరు నేపాల్. వచ్చి ఎనిమిదేళ్లయింది. బడికి వెళ్లే కొడుకు, ఇంకా బడి ఈడు రాని కూతురు. మొగుణ్ణి అందరూ బహదూర్ అనేవారు. నేను వెళ్లేసరికి సెల్లారులో, ఒంటిచేత్తో ఇస్త్రీ చేస్తోంది. తెలుగు ఫ్లాట్లలోనే నేర్చుకుంది కనుక ఒకే మాటలో కోస్తావాళ్ల ‘అండి’, ఇక్కడివాళ్ల ‘గిట్ల’ రెండూ వచ్చేవి.

మొదటిరోజు నాతోనూ జారిపడ్డాననే అంది. రెండోసారి వెళ్లినప్పుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, “కేసు గిట్ల పెడితే నన్ను బార్డర్ దాటిస్తారంటండి. పిల్లలు ఈడనే ఉంటరంట. నా కార్డు ఆయన దగ్గరుంది” అంది. నేపాల్ పౌరసత్వ కార్డు అది. బహదూర్ దాన్ని దాచిపెట్టి, అది లేకపోతే నువ్వు ఎవరివీ కావు అని చెబుతూ వచ్చాడు. చేయి విరిగింది కూడా ఆ కార్డు అడిగిన రోజే.

ఆమెకు తెలియనివి కొన్ని చెప్పాను. నేపాలీలు ఇక్కడ ఉండడానికి వీసా అక్కర్లేదు. మా చట్టం బాధితురాలిది ఏ దేశమని అడగదు, స్త్రీ అయితే చాలు. ఉచిత న్యాయవాదికీ అంతే. దాచిన కాగితాలు తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. రేషన్ కార్డు మాత్రం రాదు, అది పౌరులకేనని కూడా చెప్పాను. రానిదాన్ని వస్తుందంటే, వచ్చేదాన్ని కూడా తర్వాత నమ్మరు. ఆ వారంలోనే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి కూతుర్ని చేర్పించాను. పిల్ల గుడ్డు తినడం చూశాక బిమల నన్ను కొంచెం నమ్మినట్టుంది. డీఐఆర్‌కు ఒప్పుకుంది.

చిక్కు అక్కడే మొదలైంది. బహదూర్ ఆ ఇంట్లోకి రాకూడదని ఉత్తర్వు అడగడం మామూలు పద్ధతి. కానీ ఆ ఇల్లు వాచ్‌మన్ గది. ఉద్యోగం అతనిది, గది ఆ ఉద్యోగానిది. అతను వెళ్తే కొత్త వాచ్‌మన్ వస్తాడు, కొత్తవాడు భార్యతో వస్తాడు. మన అపార్ట్‌మెంట్లకు కావలసింది వాచ్‌మన్ కాదు, జంట. జీతం మొగుడికి; మెట్లు, ముగ్గు, చెత్త పెళ్లానికి. అంటే మేం తెచ్చే ఉత్తర్వే ఆమెను రోడ్డు మీద పెడుతుంది.

అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు ప్రసాదరావు గారు భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు. నాకే ఫోన్ చేసి, “ఎందుకండీ మీకీ శ్రమ. ఒకటో తారీకుకి ఇద్దర్నీ పంపించేస్తాం, గొడవే ఉండదు” అన్నారు.

వసతి గృహంలో చోటుంది. బిమల వద్దంది. ఆమెకు పనులున్న ఇళ్లు, కొడుకు బడి, పిల్లకు కొత్తగా దొరికిన అంగన్‌వాడీ అన్నీ ఆ వీధిలోనే ఉన్నాయి. “గది పోతే అన్నీ పోతయండి. దెబ్బలైతే మానుతయి” అంది. ఆ మాట తర్వాత నేను పిటిషన్ ఆపించాను. ముందు గది సంగతి తేలాలి.

ఆదివారం సంఘం సమావేశం. రక్షణాధికారి విధుల్లో అపార్ట్‌మెంటు సమావేశాలు లేవు. మా జిల్లా అధికారిణిని అడిగితే, “వెళ్లండి, ఫైల్లో మాత్రం రాయకండి” అన్నారు. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. యజమానుల్లో సగం మంది ఊళ్లోనే లేరు, వచ్చినవాళ్లు తక్కువ. అద్దెకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయికి ఓటు లేదు గనక స్తంభం పక్కన నిలబడింది. బహదూర్‌ను మార్కెట్‌కు పంపారు.

బిమలనే వాచ్‌మన్‌గా పెట్టుకోండని అడిగాను. “ఆడమనిషి రాత్రిపూట గేటు దగ్గరుంటే, రేపేదైనా అయితే బాధ్యత ఎవరిదండీ?” అన్నారు ప్రసాదరావు గారు. ప్రశ్నలో తప్పులేదు.

ముందు వరుసలో లక్ష్మమ్మ కూర్చుంది. హఫీజ్‌పేట పాత ఊరి మనిషి. అపార్ట్‌మెంటు లేచిన నేల ఆమెదే. బిల్డరుకు ఇచ్చి నాలుగు ఫ్లాట్లు తీసుకుంది. మధ్యాహ్నాలు బిమల పక్కన స్టూలు వేసుకుని వచ్చేపోయేవాళ్లను చూడడం ఆమె కాలక్షేపం.

“రాత్రికి సెక్యూరిటీ ఏజెన్సీ పిలగాన్ని పెట్టుండ్రి. పొద్దంత మన బిమల ఉంటది. గింత దానికి ఇంత పరేషానేంది?” అంది.

“అది కాదమ్మా, మీరు మధ్యలో...”

“నడుమల ఎందుకు ప్రసాదూ, నాలుగు ఓట్లున్నయ్. మొదలే వేస్త.”

సంఘం నియమం ప్రకారం ఫ్లాటుకో ఓటు. వచ్చినవాళ్లను లెక్క చూసుకుని, ఆ నాలుగు ఓట్లే ఎటైనా తేల్చేస్తాయని ప్రసాదరావు గారు నవ్వేశారు. అంతలో ఎవరో లక్ష్మమ్మతో, నీకు బిమలే ఎందుకు కావాలో చెప్పమ్మా అన్నారు. చట్టం గురించో న్యాయం గురించో మాట్లాడుతుందేమో అనుకున్నాను. “కొత్తది ఎట్లాంటిదొస్తదో, నాతోని ముచ్చట పెడతదో లేదో. ఈ ఈడుల నేను మల్ల ఎవర్ని అలవాటు చేసుకోవాలె?” అంది.

తీర్మానం రాశారు. ఉద్యోగం బిమల పేరున, గది ఆమె ఉద్యోగంతో పాటు. రాత్రి కాపలాకు ఏజెన్సీ మనిషి, అతనికి గది అక్కర్లేదు. నేను కోరిందల్లా, గది సంగతి విడిగా ఒక వాక్యంగా రాయమని. ఆ ప్రతి జతచేసి మరునాడే న్యాయవాది పిటిషన్ వేశారు. వారం తిరగకుండా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. బహదూర్ ప్రాంగణంలోకి రాకూడదు, కార్డు తిరిగి ఇవ్వాలి, పిల్లల్ని ఆదివారం గేటు దగ్గర, పదిమంది ఎదుట చూడవచ్చు. ఈ చివరిది బిమల అడిగి పెట్టించుకుంది. “పిల్లలకు నాన్న కావాలండి. నాకే వద్దు” అంది.

బహదూర్ కార్డు తిరిగి ఇచ్చి, ప్రగతి నగర్‌లో ఏదో పని చూసుకున్నాడు. నెల తర్వాత ఉత్తర్వు అమలు చూడడానికి ఆదివారం వెళ్లాను. బిమల నీలం యూనిఫాం చొక్కా చీర మీద వేసుకుని గేటు దగ్గర కూర్చుంది. పక్కన స్టూలు మీద లక్ష్మమ్మ. గేటు బయట బహదూర్, చేతిలో అరటిపళ్ల సంచి.

బిమల విజిటర్ల పుస్తకం ముందుకు జరిపింది. అతను పెన్ను పట్టుకుని, ఎవరిని కలవాలి అన్నచోట పిల్లల పేర్లు రాశాడు.

“ఫోన్ నంబర్ రాయలే” అంది లక్ష్మమ్మ.

“ఆమెకు తెలుసు కదమ్మా.”

“తెలిస్తే ఏమాయె. అందరు రాస్తలేరా? రాయి.”

రాశాడు. బిమల లోపలికి కేకేసింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి గేటు బయట అరుగు మీద అతని పక్కన కూర్చున్నారు. ఆమె గేటు వేసి, వచ్చిన కొరియర్ కుర్రాడి వైపు తిరిగి ఏ ఫ్లాటని అడిగింది.

నా నివేదికలో ఉత్తర్వు అమలవుతోంది అని రాశాను. ఆ కేసు తర్వాత నా ప్రశ్నల వరుస మారింది. ఏం జరిగిందని అడిగేముందు, మీరు పడుకునే గది ఎవరి పేరున ఉంది, ఏ పని మీద వచ్చింది అని అడిగేదాన్ని. కట్టడం పనివాళ్ల రేకుల షెడ్డయినా, ఇంటిపనివాళ్లకిచ్చే మేడ మీది గది అయినా అంతే. కోర్టు ఉత్తర్వు మనిషిని ఇంట్లోంచి దూరం పెట్టగలదు. ఆ ఇల్లు మిగిలి ఉండేట్టు చూడడం మాత్రం ఉత్తర్వుకు ముందు చేయవలసిన పని. నా తర్వాత ఆ కుర్చీలో చేరినవాళ్లకు నేను అప్పజెప్పినది కూడా అదే.