మొరం బాటల సార్

మా పీటీ సార్ పోయారన్న వార్త నాకు ఫోనులో ఒక బొమ్మగా వచ్చింది. బడిలో ఇంటర్వెల్ అప్పుడు. స్టాఫ్‌రూములో టీ గ్లాసు చేతికి తీసుకున్నాను, ఫోను మోగింది. హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఆయన ఫోటో, చుట్టూ నల్లటి అంచు, కింద ఇంగ్లీషులో రెండు మంచి మాటలు, ఆ పక్కన హైదరాబాదులోని ఒక సైకిల్ క్లబ్బు గుర్తు. ఆయన మొహం కంటే ఆ గుర్తే ముందు కంటపడేట్టు ఉంది.

టీ అక్కడే పెట్టి, హెడ్మాస్టరుకు చెప్పి వాళ్లింటికి నడిచాను. వనపర్తిలో మా బడి నుంచి ఆయన ఇల్లు ఎంతో దూరం కాదు. వాకిట్లో జనం ఉంటారనుకున్నాను. ఎవరూ లేరు. సార్ భార్య గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను.

"బడి గప్పుడే ఇడిసిండ్రా మేడం? కూసోండ్రి. మీ సారు పెబ్బేరు దిక్కు పోయిండు, వచ్చే యాళ్లయింది. చాయ్ పెడ్త, కలిసి తాగుండ్రి."

ఆమెకు తెలియదు. క్లబ్బువాళ్లలో ఒకతను కారులో హైవే మీద పోతూ, రోడ్డు పక్కన పడి ఉన్న సైకిలును గుర్తుపట్టాడట. మనిషిని దవాఖానకు తీసుకుపోయారని, దారిలోనే ప్రాణం పోయిందని అక్కడున్నవాళ్ల ద్వారా తెలుసుకున్నాడు. ఆ సంగతి హైదరాబాదు చేరింది. ఫోటో వెతికారు, అంచు కట్టారు, గుర్తు అతికించారు, గ్రూపుల్లోకి వదిలారు. ఇన్ని పనులు చేసిన చేతులకు ఆ ఇల్లాలికి ఒక్క ఫోను చేయాలని తోచలేదు.

చాట ఆమె ఒళ్లోంచి తీసి పక్కన పెట్టి, చెప్పవలసిన మాట నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు. "మంచిగ చూసిండ్రా? వేరే ఎవరన్న గావచ్చు" అంది. ఫోను తీసి ఆ బొమ్మ చూపించాల్సి వచ్చింది. నల్ల అంచు మీద వేలు పెట్టి చాలాసేపు రుద్దింది, మరక అనుకున్నదేమో.

మా బడిలో ఆయన పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పేవారు. నేను జీవశాస్త్రం చెబుతాను. నాకు షుగర్ వచ్చిందని తెలిసిన రోజు స్టాఫ్‌రూములో అందరూ తలా ఒక కషాయం చెప్పారు. ఆయన అందరూ పోయాక వచ్చి, "గోలీలు మింగుండ్రి, వద్దంటలేను. గానీ కాళ్లకు గూడ జర పని చెప్పుండ్రి మేడం" అన్నారు. ఆ ఆదివారం తన పాత సైకిల్ బడి మైదానానికి తెచ్చారు.

నలభై దాటిన పంతులమ్మ సైకిల్ నేర్చుకుంటుంటే ఊరు చూడకుండా ఉంటుందా? పిల్లలు ప్రహరీ గోడెక్కి కూర్చున్నారు. మొదటిరోజే నా చున్నీ చైనులో ఇరుక్కుంది. సార్ దగ్గరికి రాలేదు. అటు తిరిగి నిలబడి, "పెడలు ఎనుకకు తిప్పుండ్రి, అదే ఇడుస్తది" అన్నారు. చున్నీ బయటికి వచ్చిందని నేను చెప్పాకే ఇటు తిరిగారు. నన్ను మరుసటి ఆదివారం మళ్లీ మైదానానికి తీసుకొచ్చింది ఆ మర్యాదే.

రిటైరైన ఏడాది హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు ఆయనకు గ్రావెల్ బైక్ కొనిచ్చింది. చూడడానికి రేసు సైకిలులా హ్యాండిల్ వంగి ఉంటుంది గానీ టైర్లు లావు. కంకర మీద, మొరం మీద పోవడానికి చేసిన సైకిల్. "మన జిల్లా కోసమే చేసినట్టుంది" అని సార్ మురిసిపోయారు. నిజమే. తారు రోడ్డు దిగితే మా దగ్గర ఉన్నదంతా మొరమే.

వనపర్తి నుంచి పానగల్ గుట్టల పక్కగా, వీపనగండ్ల, చిన్నంబావి చేల మధ్యనుంచి కృష్ణ ఒడ్డుకు దిగే దారి ఆయన కలిపిందే. కొంత దూరం పాత బండ్ల బాట, కొంత కాలువ గట్టు, కొంత గొర్రెలు తొక్కిన జాడ. దారి తెగిన చోట సైకిల్ దిగి, చేలో కనిపించిన మనిషిని అడిగి, మళ్లీ కలుపుకుంటూ పోయారు. కొల్లాపూర్ మీదుగా సోమశిల రేవుకు ఇంకొకటి. బీచుపల్లి వంతెన దాటి గద్వాల పోయి, అక్కణ్నుంచి గట్టు మండలం గుట్టల్లో తిరిగేది మరొకటి. గట్టు దగ్గర ఒక ముసలాయన, కన్నడ దేశం పక్కనే కదా, దూరం నుంచే "బర్రి సారూ, బర్రి" అని కన్నడంలో రమ్మని పిలిచి మంచం వాల్చేవాడు. ఆయన పోసిన అంబలి తాగి, ఆ మంచం మీదే సార్ కాసేపు కునుకు తీసేవారు.

మేము నలుగురం ఐదుగురం వెంట పోయేవాళ్లం. మెల్లగా తొక్కేవాళ్లను ఆయన ముందు పెట్టేవారు. అంటే నన్ను. "ఎనుక ఉంటె అందుకోవాలన్న పరేషాన్‌తోనె సగం బలం పోతది" అనేవారు. గుట్ట ఎక్కలేక నేను దిగి నడిస్తే, "ఎక్కేటప్పుడు దిగుడు సిగ్గు గాదు. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోవుడు సిగ్గు" అని తనూ దిగేవారు. గొర్రెల మంద ఎదురైతే పక్కకు జరిగి, చివరి గొర్రె పోయేదాకా నిలబడాలి. తీసిన కంప మళ్లీ అడ్డం పెట్టిరావాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా చేనుకు అడ్డంపడి పోతే మాత్రం ఆయన గొంతు మారేది. "బాట ఎవ్వరిది గాదు. పక్కపొంటి చేను మాత్రం ఒకరిది."

పుట్టి పెరిగిన జిల్లాను నేను నలభై ఏళ్లు బస్సు కిటికీలోంచి చూశాను. దిగి చూపించింది ఆయన. నా షుగర్ అదుపులోకి రావడం కంటే అది పెద్ద మేలు.

ఆయన కూతురి స్నేహితుడొకడు ఒకసారి మాతో వచ్చి, కృష్ణ ఒడ్డుకు దిగే దారిని వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. అది చూసి క్లబ్బువాళ్లు వచ్చారు. సార్ వాళ్లను అటూ ఇటూ తిప్పి దారంతా చూపించారు. అక్క జొన్నరొట్టెలు, పల్లి తొక్కు చేసి పెట్టింది. తింటూ వాళ్ల పెద్ద, "సార్, ఇలాంటి గ్రావెల్ రూట్ మన దగ్గర ఉందని ఎవరికీ తెలియదు. ఇక్కడ పెద్ద ఈవెంట్ చేస్తాం" అన్నాడు.

సార్ రెండే కోరారు. "పల్లి పీకినంక పెట్టుకోండ్రి, చేన్లు ఖాళీగుంటయి. మా పిల్లలు గూడ వస్తరు, వాళ్ల సైకిళ్ల మీదనె."

"తప్పకుండా సార్" అన్నాడతను, రెండో రొట్టె తీసుకుంటూ.

సెలవులు కలిసొచ్చాయని పల్లి ఇంకా చేలోనే ఉండగా పెట్టారు. బ్యానరు మీద ఆ దారికి ఒక ఇంగ్లీషు పేరు. సార్ పేరు ఎక్కడా లేదు. పొద్దున్నే ముస్తాబై వచ్చిన మా బడి పిల్లలను, సైకిళ్లు పనికిరావని, హెల్మెట్లు లేవని తాడు అవతల నిలబెట్టారు. సార్ తన సైకిలుతో ముందుకు వచ్చారు. క్లబ్బు పెద్ద వచ్చి సార్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు రైడ్ చేస్తే మన వాటర్ పాయింట్ ఎవరు చూస్తారు సార్? లోకల్‌గా మాకు మీరే కదా."

సార్ సైకిలును ఒక వేపచెట్టుకు ఆనించి, రోజంతా నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడ్డారు. నేనూ పక్కన అరటిపళ్లు అందించాను. ఒకతను పండు తీసుకుంటూ, "అంకుల్, ముందు దారి ఎలా ఉంది?" అని అడిగాడు. "మూల మలుగంగనె ఇసుక ఉంటది, ముందు బ్రేకు పట్టకు బిడ్డా..." అని ఈయన చెబుతుండగానే అతను వెళ్లిపోయాడు. మిగిలిన మాట సార్ ఖాళీ దారికే చెప్పి ముగించారు.

నేను ఉండబట్టలేక, "ఎందుకు ఊకుంటున్నరు సార్? అడగండ్రి" అన్నాను.

"దప్పికైనోళ్ల ముంగట కొట్లాడుతమా మేడం?" అన్నారు.

ఈవెంటుతో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత ప్రతి ఆదివారం జీపులు, మోటారు సైకిళ్లు మొదలయ్యాయి. పానగల్ దాటాక ఒకామె పల్లి చేను మూలన దారి వంపు తిరుగుతుంది. వంపు తిరగడమెందుకని బండ్లు నేరుగా చేలోంచే పోయాయి. మేము వెళ్లేసరికి ఆమె నలిగిన పల్లి చెట్లు ఒళ్లో పోసుకుని గట్టు మీద కూర్చుంది. సార్‌ను చూసి లేవలేదు.

"నీళ్లడిగితె ఇచ్చిన. బాట అడిగితె ఇడిసిన. నువ్వు దునియానంత తోలుకొచ్చినవ్ సారు. నీకు మొక్కుత, ఇంక రాకు."

ఆయన, "తప్పు నాదే చెల్లె" అన్నారు. తప్పు ఆయనది కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ తిట్టడానికి ఆమెకు దొరికింది ఆయనొక్కడే. మరుసటి రోజు సార్ గొడ్డలి తీసుకుపోయి సర్కారు తుమ్మ కంప కొట్టి, తను కలిపిన దారికి తనే అడ్డం వేసి వచ్చారు. చేతులంతా ముళ్లు. అక్క సూదితో తీస్తుంటే అటు చూస్తూ కూర్చున్నారు.

ఆ కంప చూసి పక్క చేనువాళ్లూ వేశారు. ఊరి తర్వాత ఊరు మూసుకుంది. వచ్చి రైతులతో మాట్లాడమని క్లబ్బు పెద్దకు సార్ ఫోను చేస్తే, "నెక్స్ట్ సీజన్ చూద్దాం సార్" అన్నాడట. తర్వాత ఎత్తడం మానేశాడు.

ఇక మిగిలింది హైవే. నేను రానన్నాను, నాకు లారీలంటే భయం. "వద్దు సార్, మైదానంలనె తిరగండ్రి" అని కూడా అన్నాను. ఆయన నవ్వారు. "పొద్దుగాల లేవంగనె కాళ్లు అడుగుతయి మేడం, ఏడికి పోదమని. ఏం చెప్పాలె?"

ఎన్నో ఏళ్లు మొరం మీద, ఇసుకలో, బండరాళ్ల మీద తిరిగి మోకాలు కూడా చెక్కుకోని మనిషిని, నున్నటి తారు మీద వెనుక నుంచి ఏదో బండి గుద్దింది. ఆగలేదు. ఏ బండో ఇప్పటికీ తెలియదు.

దినాలు అయ్యాక క్లబ్బువాళ్లు మళ్లీ వచ్చారు. ఆయన జ్ఞాపకార్థం రైడ్ పెడతారట, అక్క వచ్చి జెండా ఊపాలట. అక్క వాళ్లను కూర్చోమనలేదు.

"మీరు పిలిచిన నాడు వచ్చిండు. పక్కకు నిలవడుమంటె నిలవడ్డడు. ఇంక మీకిచ్చేటందుకు మా ఇంట్ల ఏం లేదు. పోండ్రి."

అయినా పెట్టారు. ఆ రోజు నేను పెబ్బేరు దగ్గర బస్సు దిగి చూశాను. ఆయన పడిన చోటు రోడ్డు కింది మోరీ దాటాక ఉంటుంది. అక్కడ కార్లు ఆపుకోవడానికి వీలుగా లేదని, వెనక్కి ఒక ధాబా ముందు కిలోమీటరు రాయిని ఎంచుకున్నారు. దానికి ఫోటో ఆనించి, చామంతుల దండ వేసి, వరుసగా నిలబడి ఫోటోలు తీసుకుని, ధాబాలో తిని వెళ్లిపోయారు. ఇక్కడ కాదని నేను చెప్పలేదు. చెప్పినా వినేదెవరు?

కాసేపటికి మేకల మంద ఒకటి వచ్చింది. ముందున్న మేక దండ వాసన చూసి ఒక పువ్వు తెంపుకుంది. మేకలు కాసే ఆమె కట్టె ఎత్తి, ఫోటోనూ నన్నూ చూసి, "మీ మనిషా అమ్మా? తోలాల్నా?" అని అడిగింది.

"మా సారే. వద్దు, తిననియ్యి" అన్నాను.

పసుపు పువ్వులు ఒక్కొక్కటే అయిపోయాయి. చివరికి మిగిలిన దారం పట్టుకుని ఒక మేకపిల్ల, లారీలు హారన్ కొడుతుంటే, గంతులేసుకుంటూ హైవే అవతలికి పోయింది.