ఎంతవరకు కోయాలో అడగడానికి ఉద్దానం వెళ్ళాను

శనివారం పొద్దున్న ఆరుంబావుకి విశాఖపట్నంలో పలాస ప్యాసింజరు ఎక్కాను. ఉద్దానం వెళ్ళేవాళ్ళు సముద్రం కోసమో, జీడిపప్పు కోసమో వెళ్తారు. నేను మా అప్ప ఒంటి మీద కోత గుర్తు చూడడానికి వెళ్ళాను. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే పిలుస్తాం. ఆరేళ్ళ కిందట ఆమెకు ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. ఆ చోటు ఇప్పుడెలా ఉందో ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు నాకూ అదే జబ్బు.

గడ్డ చిన్నదే, తొందరగానే దొరికింది అన్నారు డాక్టరుగారు. గడ్డ వరకు తీసి, తర్వాత నాలుగైదు వారాలు రేడియేషన్ పెట్టించుకోవచ్చు. లేదంటే రొమ్మంతా తీయించుకోవచ్చు. నా విషయంలో రెండు దారుల్లోనూ ప్రాణానికి ఒకటే భరోసా అన్నారు. నేను ఆ రెండూ కాక మూడోది అడిగాను. రెండు రొమ్ములూ తీసేయండి అన్నాను. అమ్మ ఈ జబ్బుతోనే పోయింది, తర్వాత అప్పకు వచ్చింది, ఇప్పుడు నా వంతు. అది మా వంశంలోనే ఉందేమో చూద్దామని జన్యు పరీక్షకు రక్తం తీసుకున్నారు. తెలిసిన జన్యువుల్లో లోపమేమీ దొరకలేదని ఫలితం వచ్చింది. "కాబట్టి రెండో రొమ్ము జోలికి వెళ్ళక్కర్లేదమ్మా. మిగిలిన రెండిట్లో ఏదో సోమవారానికి చెప్పండి" అన్నారు.

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి నన్ను కావలించుకుంది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఫలానాదే కారణమని తెలిస్తే తిట్టుకోవడానికైనా ఉండేది. ఏ పేరూ లేనిదేదో మా ఇంటి ఆడవాళ్ళను వరసగా పట్టుకుంటూ ఉంటే దేన్ని తిట్టను? మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట ఇప్పుడే గుర్తొచ్చింది ఆయనకు.

ఈ దారిలో కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే మంచిది, కొండలు కనిపిస్తాయి. నౌపడ దగ్గర మాత్రం లేచి కుడివైపుకు రావాలి, ఉప్పు మళ్ళు ఉంటాయి. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను కనుక ఇలాంటివి చెప్పకుండా ఉండలేను. ఆ రోజు మాత్రం ఎటువైపు చూసినా ఒకటే బూడిద రంగు. మబ్బు పట్టి ఉంది, వాన మాత్రం పడడం లేదు.

శ్రీకాకుళం రోడ్ స్టేషనులో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో ఆసుపత్రి కాగితాల ప్లాస్టిక్ కవరు. ఏ ఊరని అడిగింది. మా అప్ప ఊరు పేరు చెప్పగానే, "నీకు పాయింట్లెన్నున్నాయమ్మా?" అంది.

తక్కిన చోట్ల అన్నం తిన్నావా అని అడిగినట్టు ఉద్దానంలో క్రియాటినిన్ పాయింట్లు అడుగుతారు. కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు అక్కడ. రక్తం ఇచ్చి వస్తారు, ఫలితం కోసం చూస్తారు. పాయింట్లు తక్కువ వస్తే ఆ ఇంట్లో ఆ పూట కోడిని కోస్తారు. ఎక్కువ వస్తే పక్కింటివాళ్ళు కూడా గట్టిగా మాట్లాడరు. రక్తం ఏం చెబితే అదే వాళ్ళకు ఆఖరి మాట.

"నాది కిడ్నీ కాదండి" అన్నాను.

"అదురుట్టం" అంది ఆవిడ. కాసేపాగి, "మరేటి?" అంది.

ఉప్పు మళ్ళు వచ్చాయని కిటికీ వైపు తిరిగాను.

పదీ ముప్పావుకి పలాసలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ తిన్నాను, రెండో ఇడ్లీ దిగలేదు. కాశీబుగ్గలో షేరు ఆటో ఎక్కాను. వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే ఆటోలు నిండేదాకా కదలవు, ముప్పై రూపాయలు పుచ్చుకుంటారు. దారి పొడుగునా జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన. ఊరు దాటాక జీడితోటలు, వాటి వెనక కొబ్బరి. పెద్ద తుఫానుకు పడిపోయిన చెట్ల మోళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కొత్తగా వేసినవి ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటుతున్నాయి. పన్నెండు కావస్తుండగా అప్ప ఊళ్ళో దిగాను.

అప్ప ఇంటి ముందు చెప్పులు కనిపించాయి. ఒక జత కాదు, వాకిలి నిండా. మా బావ చనిపోయినప్పుడు చూశాను ఆ వాకిట్లో అన్ని చెప్పులు.

లోపలి నుంచి మసాలా వాసన వచ్చింది. అప్ప నవ్వుతూ ఎదురొచ్చింది. "వచ్చీసినావా! రాయే, రా. నీకోసమే అందరూ కూకున్నారు."

విషయం ఏమిటంటే, రెండు రోజుల ముందు ఫోనులో నేను చెప్పాను, "రక్త పరీక్ష మంచిగానే వచ్చింది అప్పా, శనివారం వచ్చి మాట్లాడతాను" అని. మాట్లాడడం వరకు అప్ప ఆగలేదు. అనుమానంగా ఉందని, పరీక్షలు చేస్తున్నారని మాత్రమే తెలిసిన ఆమె రక్తం మంచిదంటే జబ్బు లేనట్టే అనుకుంది. ఊళ్ళో ఎవరైనా అంతే అనుకుంటారు. అమ్మవారికి మొక్కు చెల్లించి, కోడిని కోసి, వీధివాళ్ళను భోజనానికి పిలిచేసింది.

నేనేం చేయాలి? కాళ్ళు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చి నా మొహం చూసి వెళ్తున్నారు. చేపల వేటకు వెళ్ళే ముసలాయన ఒకాయన నా పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. "పాపా, ఆ ఇశాపట్నం పరీచ్చ మా కోడలికి రాయించగలవేటి? దానికి ఇక్కడ ఏ పరీచ్చా మంచిగా రాడం నేదు."

కనుక్కుంటానని అబద్ధం చెప్పాను.

అందరూ వెళ్ళాక వెనకింట్లో అప్ప అంట్లు తోముతుంటే చెప్పేశాను. ఆ పరీక్ష జబ్బు ఉందా లేదా అని చేసింది కాదు, తరతరాలుగా వచ్చిందా అని చేసింది. గడ్డ ఉంది. ఆపరేషను ఉంది. ఎంతవరకు కోయించుకోవాలో నేనే చెప్పాలి.

అప్ప చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నెత్తురు బాగుందని నువ్వే సెప్పినావు కాదేటే?"

"నెత్తురు బాగానే ఉంది అప్పా."

"మరి కోడిని కోసీసినాను కదే!" అని కసిరింది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అప్ప గిన్నె కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడిస్తే నేను వచ్చిన పని అడగలేనని తెలుసు.

అడిగాను. "నాకొకసారి చూపించు అప్పా."

అప్ప చేతులు కడుక్కుని లేచింది. తర్వాత గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, జాకెట్టు విప్పింది. ఎడమవైపు కుక్కుకున్న గుడ్డ ఉండ తీసి మంచం మీద పెట్టింది. చదునుగా ఉంది. చంక కింద నుంచి రొమ్ము ఎముక దాకా, జీడి బస్తా మూతి కుట్టినట్టు ఒక గీత. నేను ఇంతకంటే ఘోరంగా ఊహించుకున్నాను.

"నేనూ ఇలాగే తీయించుకుందామనుకుంటున్నాను, రెండూ" అన్నాను. "నువ్వు భయపడే కదా మొత్తం తీయమన్నావు? నాకూ భయంగానే ఉంది."

అప్ప నన్ను వింతగా చూసింది. "బయపడ్డానికి నాకు తీరికెక్కడిదే? నన్నూ అడిగినారు డాట్రులు. గెడ్డ ఒక్కటే తీత్తాం, తరవాత కరెంటు పెడతాం, అన్నాళ్ళూ ఇక్కడే ఉండాల అన్నారు. మీ బావకి పలాసలో వారానికి మూడుసార్లు మిసను. నానక్కడ కూకుంటే ఆయన్ని బస్సెవులెక్కిత్తారు? అందుకే మొత్తం తీసీమన్నాను. కుట్లు ఆరీసరికి ఇంటికొచ్చీసినాను."

కరెంటు అంటే రేడియేషన్, మిషను అంటే డయాలసిస్. ఆపరేషనయిన ఏడాదిన్నరకు బావ పోయాడు.

"ఆ సంగతి ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్తే మీ బావ మిసను మానీడా?" అంది. జాకెట్టు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "తీయించుకుంటే బయం పోద్దనుకోకు. ఇప్పటికీ నడుం నొప్పొస్తే అదే ఎక్కడికో పాకిందనుకుంటాను. నాకు తప్పలేదు. నీకేటి అడ్డం?" అంది.

సాయంత్రం ఇద్దరం సముద్రం దాకా నడిచాం. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి, వేట లేదు. అక్కడ చూడదగింది ఏముందని అడిగితే చెప్పలేను. నేను అలల వైపు చూడలేదు, పక్కన నడుస్తున్న మనిషినే చూస్తూ నడిచాను.

ఆదివారం పొద్దున్న అప్ప పలాస దాకా వచ్చి దిగబెట్టింది. వచ్చే బండి బాగా ఆలస్యమన్నారు. తిరుగు ప్రయాణంలో బండిని నమ్ముకోకుండా బస్సు వేళలు కూడా కనుక్కోవడం మంచిది. తొమ్మిదిన్నరకు విశాఖపట్నం బస్సు దొరికింది. కిటికీ లోంచి చెయ్యూపాను, అప్ప ఊపలేదు. నందిగాం వైపు పొలాలు వచ్చేసరికి నాకు ఒక సంగతి తేలిపోయింది. రెండూ తీయించుకోవాలన్న నా పట్టుదలలో వైద్యం ఏమీ లేదు. అమ్మను కాపాడుకోలేకపోయానన్న కసి ఉంది, అప్ప కంటే తక్కువ బాధ పడితే తప్పేమో అన్న పిచ్చి లెక్క ఉంది. అప్ప ఆ లెక్క వేయనే లేదు.

టెక్కలి కాంప్లెక్సులో బస్సు పదిహేను నిమిషాలు ఆపారు. టీ తీసుకుని అప్పకు ఫోను చేశాను.

"గడ్డ వరకే తీయించుకుంటాను అప్పా. రేపు డాక్టరుగారికి చెప్పేస్తాను."

"మంచిది" అంది. తర్వాత, "కరెంటు ఎన్నాళ్ళు పెడతారు?"

"నాలుగైదు వారాలు. రోజూ వెళ్ళి రావాలి."

"నానొచ్చి ఉంటాను."

"నీకు తోట పని..."

"తోటకేటి, అదే కాత్తాది. మీ బావ పోయిన కాడి నుంచి నాకు వారంలో అన్ని రోజులూ కాళీయే."

డ్రైవరు హారను కొట్టాడు. టీ సగం పారబోసి ఎక్కాను. పక్క సీటాయన శ్రీకాకుళం ఎంతసేపని అడిగితే తెలీదన్నాను, తెలిసీ. ఈ రెండు రోజుల ప్రయాణం ఎలా ఉందని ఇంట్లో అడుగుతారు. బాగుందని చెప్పలేను. నా రొమ్ము నాకు మిగలబోతోంది, నాకు తోడుండడానికి అప్ప వస్తోంది, ఈ రెండూ సంతోషించవలసినవే. ఆమెకా తీరిక ఎలా వచ్చిందో తలుచుకుని కోటబొమ్మాళి దాకా ఏడుస్తూనే ఉన్నాను.