నేను తరిమిన ధర్మకాంట దొంగ

లెక్క తప్పని మనిషినని నిజామాబాద్‌లో నాకో పేరుంది. ఒకే ఒక్క మధ్యాహ్నం, కుర్చీలో కూర్చునే ఆ పేరును నేనెలా కూల్చుకున్నానో చెబుతాను. నవ్వు ఆపుకోనక్కర్లేదు; మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

బోధన్ దారిలో చెరుకు ట్రాక్టర్లను తూచే ఒక ధర్మకాంటలో లినక్స్ కంప్యూటర్ పెట్టించింది నేనే. ఎవరూ నేర్పని, సొంతంగా నేర్చిన విద్య. అక్కడి తెరను నిజామాబాద్‌లో నా కంప్యూటర్ మీద తెరిచి, ఇక్కడి నుంచే మరమ్మతు చేసేవాణ్ని. కాంట నడిపే ఖాజా భాయ్ ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా భోజనానికి పోతాడు. ఆ ముప్పై నిమిషాలు నావి. ఏకాగ్రత చెడకుండా ఫోన్ సైలెంట్‌లో పెట్టి బోర్లించేవాణ్ని.

ఆ రోజు ఒంటిగంటా ఏడు నిమిషాలకు తెర మీద మౌస్ బాణం దానంతటదే కదిలింది. నేను ఎడమకు లాగితే అది కుడికి పోతోంది. ఖాజా భోజనంలో ఉన్నాడు. మరి ఇదెవరు? దొంగే! మొండిమేకను చెరో తాడుతో గుంజినట్టు పావుగంట గుంజుకున్నాం. ఇంతలో వాడు ఖాళీ పేజీ తెరిచి, "నేను ఖాజా" అని టైపు చేశాడు.

ఎంత తెలివి! కాంట మనిషి పేరు కూడా కనిపెట్టాడు. చెరిపేశాను. మళ్లీ రాశాడు. మళ్లీ చెరిపాను.

ఇక వదిలేది లేదు. పాస్‌వర్డ్‌ను పంతొమ్మిది అంకెలకు మార్చి, బయటివాళ్లు లోపలికొచ్చే దారులన్నీ మూసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాను. దొంగ మాయం. అక్కడి తెరా మాయం. బయటివాళ్లలో నేనూ ఒకణ్నన్న సంగతి అప్పుడు లెక్కకొచ్చింది.

ఫోన్ తిప్పి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. పన్నెండోది ఎత్తాను.

"రాజేశమన్నా, ఏడున్నవే! కంప్యూటర్ల సైతాన్ జొచ్చింది. నేను ఇటు గుంజితే అది అటు గుంజుతుంది!"

"ఖాజా భాయ్, నువ్వు బువ్వకు పోలేదా?"

"సాయిలన్న ట్రాక్టర్ కాంట మీదికెక్కింది. సగం బువ్వ ఇడిచిపెట్టి వచ్చిన. నా పేరు రాస్తే గది గూడ తుడిచేసింది, బద్మాష్!"

బద్మాష్ గొంతు సవరించుకున్నాడు.

వెనక నుంచి సాయిలు అరుస్తున్నాడు. "చెరుకు ఎండుతుందే! తూకం తగ్గితే ఎవడిస్తడు? ఎనకకు పోదామంటే ఆరు ట్రాక్టర్లున్నయ్!"

నిజం ఒప్పుకుని, ఫోన్‌లోనే కొత్త పాస్‌వర్డ్ అంకెలు చెప్పడం మొదలుపెట్టాను.

"ఏడు, ఏడు, తొమ్మిది..."

"అన్నా, ఏడు ఒక్కటా, రెండా?"

ఆరు హారన్ల మధ్య మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తప్పింది. నాలుగోసారి చెప్పలేదు. చెప్పులేసుకుని బోధన్ బస్సెక్కాను.

దిగి కాంట వైపు ఉరుకుతుంటే సాయిలు గొంతు వినిపించింది. "ఖాజా భాయ్, దొంగ దొరికిండా?"

"దొరికిండు. ఇగో, బస్సు దిగి ఉరికొస్తుండు!"

పంతొమ్మిది అంకెలూ ఒక్కొక్కటే నొక్కి, తూకం చీటీ సాయిలు చేతిలో పెట్టి, ఏడు ట్రాక్టర్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ దొంగ ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తుతాను.