ప్రార్థన అయిపోయిన ఇల్లు

మా సంఘంలో ఇల్లు కొనడానికి ఒక పద్ధతుంది. ఇల్లు నచ్చగానే పాస్టరుగారిని పిలిచి అందులోనే ప్రార్థన పెట్టిస్తారు, అందరికీ భోజనాలు పెడతారు. చేతులు కడుక్కున్నారంటే బేరం ఖాయమైనట్టే. ఆ తర్వాత కాదన్నవాళ్లు లేరు. గుంటూరు శివార్లలో, బళ్లో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నదంతా పెట్టి కొనబోయిన ఇంటికి నేనూ అలాగే చేశాను. అమ్మేది మా సంఘ పెద్దే. కొత్తగా రంగులు వేయించి, మంచి వానల్లో చూపించాడు.

భోజనాలయ్యాక, లోకమంతా ముందు చేసే పని చేశాను. ఒక ఇంజినీరును తీసుకెళ్లాను. ఆయన బీరువా జరిపించాడు. దాని వెనక, కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పగులు, దాని మీద తాజా పుట్టీ. ఇంటి మూలన గొయ్యి తీయిస్తే పునాది మోకాలి లోతు కూడా లేదు. గోడల కింద చుట్టూ ఉండాల్సిన కాంక్రీటు బీము అసలే లేదు. కిందంతా నల్లరేగడి. మిరప చేలల్లో కూలికెళ్లిన అమ్మ కూతుర్ని, ఆ నేల సంగతి నాకు తెలియదా? వానకు ఉబ్బి పగుళ్లను మూసేస్తుంది, ఎండకు కాలు దిగబడేంత బీటలిస్తుంది. వానల్లో ఎందుకు చూపించాడో అప్పుడర్థమై ఒళ్లు మండిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు మమ్మల్ని కూర్చోబెట్టారు. పగుళ్లు లేని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుందన్నారు. సిమెంటు పూస్తే సరిపోతుందన్నారు. చివరికి ఇల్లమ్మే సంఘ పెద్దే నోరు విప్పాడు.

"ప్రార్థన జరిగిన ఇంటిని కాదంటే దేవుణ్ణి కాదన్నట్టేనమ్మా."

అమ్మ నా పక్కన తల వంచుకుని కూర్చుంది. ఆ ఇంటి మీద నాకన్నా ఆవిడకే ఆశ. ఆ రోజు వంటంతా ఆవిడే చేసింది.

"ప్రార్థన చేసింది పాస్టరుగారండి. పునాది వేసింది మీరు. ఆ గోడ పడితే కింద ఉండేది మా అమ్మ," అన్నాను.

తర్వాత చాలా వారాలు చర్చిలో చాప మీద మా పక్కన ఎవరూ కూర్చోలేదు. మేం మానలేదు. ఇంకో వరస ముందుకెళ్లి కూర్చున్నాం.

ఎండలు ముదిరాక అమ్మే నన్ను ఆ వీధికి తీసుకెళ్లింది. ప్రహరీ బయటికే కనిపిస్తోంది, కిటికీ మూల నుంచి పైదాకా గోడ నోరు తెరిచింది.

ఈమధ్య ఇంకో ఇల్లు చూశాం. ఇద్దరికీ నచ్చింది. పాస్టరుగారికి కబురు పెట్టమంటావా అని అడిగాను.

"ముందు గొయ్యి తీయించవే," అంది అమ్మ.