రఫెలీటా బండిని తిప్పి పెట్టిన రోజు

రఫెలీటా నోటికి జడవని మగాడు మా లోయలో లేడు. అయినా, లేక అందుకేనేమో, మూడేళ్ల కిందట కాలవ వాటాదార్లు ఆవిణ్ని కాలవ పెద్దగా ఎన్నుకున్నారు. నాకు తెలిసి ఆ పని చేసిన ఆడమనిషి ఆవిడొక్కతే. ఎవరి చేనుకి ఎప్పుడు నీళ్లు వదలాలి, ఎవరు దొంగచాటుగా తూము ఎత్తారు, అంతా ఆవిడే చూసుకోవాలి. కొండ మీద పెద్ద తూము తొమ్మిది మైళ్లు. బండి లేకుండా అయ్యే పని కాదు. ఆవిడ బండి ఆవిడ పెళ్లినాటి పాత పికప్. ఒక తలుపు నీలం, మిగతాది ఏ రంగో చెప్పలేం.

ఆ ఏప్రిల్లో ఆ బండి నీళ్లు కార్చడం మొదలుపెట్టింది. పొద్దున రేడియేటర్ నింపితే మధ్యాహ్నానికి సగమే ఉండేది. ముందు బంపర్ కింద కూలెంట్ కలిసిన పచ్చటి మడుగు. మెకానిక్ దెల్ఫీనో చూసి వాటర్ పంపు పోయిందన్నాడు, మార్చాడు. మడుగు ఆగలేదు. ఇంకో పంపు వేశాడు, గొట్టాలన్నీ మార్చాడు. అయినా మడుగు అక్కడే.

"అక్కా, నన్ను తిట్టొద్దు. దీని పనైపోయింది. ఇంజను ఎక్కడో పగిలుంటుంది."

"పగులు నువ్వు చూశావా?"

"చూళ్లేదు గానీ..."

"చూడనిది చెప్పకు. నాకు ఒళ్లు మండుతుంది."

శనివారం కాలవ పూడిక తీసే రోజు. కాలవ పెద్ద ఏడింటికల్లా తూము దగ్గరుండి, చేతికర్రతో ఒక్కొక్కరు తవ్వాల్సిన వంతు కొలిచి ఇవ్వాలి. పెద్ద రాకపోతే కర్ర కమిటీకి పోతుంది. కమిటీ అంటే ఫకుందో. నాలుగు ఓట్ల తేడాతో ఆవిడ మీద ఓడిపోయినవాడు. పోస్టాఫీసులో అందరి ముందూ అన్నాడు:

"బండి లేని పెద్దరికం ఏంటి రఫెలీటా? నా బండెక్కు, దింపుతా. కర్ర మాత్రం నేను పట్టుకుంటా."

"నీ బండెక్కే బదులు గాడిదెక్కుతా. అదైనా దారి పొడుగునా సొంత డబ్బా కొట్టుకోదు."

అందరం నవ్వాం. బయటికొచ్చాక మాత్రం నాతో, "వీళ్ల ముందు ఆ కర్ర ఒక్కసారి దించానంటే, ఈ లోయలో ఇంకో ఆడదాని చేతికి అది రానివ్వరు," అంది. నాకు ఫకుందో మీద పీకలదాకా కోపం వచ్చింది.

గురువారం సాయంత్రం ఆవిడ వాకిట్లో ఇద్దరం కాఫీ తాగుతున్నాం. మా లోయలో బండి ఎవరు ఆపినా వాలులో, ముక్కు పల్లానికి పెట్టే ఆపుతారు. చలికి బ్యాటరీ కూర్చుంటే బ్రేకు వదిలి, దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజను అందుకుంటుందని. రఫెలీటా వాకిలి వాలే, దెల్ఫీనో షెడ్డు ముందు కూడా వాలే. అది అలవాటు, దాని గురించి ఎవరూ ఆలోచించరు.

ఆవిడ ఉన్నట్టుండి కప్పు కింద పెట్టింది.

"కాలవ కింద తడి కనిపిస్తే గండి ఎక్కడుంటుంది?"

"నన్నడుగుతావేంటి? ఎగువకెళ్లి చూడమని మూడేళ్లుగా ఊరందరి మీదా అరుస్తోంది నువ్వే కదా."

"అందరి మీదా అరిచాను. నేను మాత్రం మడుగు దగ్గరే కూర్చున్నాను, బుద్ధిలేనిదాన్ని!"

లేచి బండి తీసింది. తిప్పి, తోక పల్లానికి పెట్టి ఆపింది. అటే పోతున్న ఫకుందో బండి ఆపి మరీ చూశాడు.

"ఏంటిది, నీ బండి కూడా తిరగబడిందా?"

"ఇంకా చాలా తిరగబడతాయి. నడువు."

తెల్లారి చూస్తే బంపర్ కింద నేల పొడిగా ఉంది. తడంతా ఇంజను వెనక వైపు. ఆవిడ టార్చిలైటూ, పౌడర్ డబ్బాలో అద్దమూ పట్టుకుని కిందికి దూరింది. ఇంజను పక్కన గుండ్రటి బొక్కల్ని మూసే ఇనపబిళ్లలుంటాయి. వాటిలో అన్నిటికన్నా వెనకదానికి తుప్పు పట్టి, సూది దూరేంత చిల్లు పడింది. బండి ముక్కు పల్లానికి ఉన్నన్నాళ్లూ నీళ్లు అక్కణ్నించి ఇంజను అంచు వెంట పాకి వచ్చి, పంపు కింద కారాయి. మేమంతా పాపం పంపుని తిట్టాం.

దెల్ఫీనో కొత్త బిళ్ల తెచ్చాడు, తల దించుకుని.

"నా చెయ్యి దూరదక్కా అక్కడికి."

"నాది దూరుతుంది. జరుగు."

పాత బిళ్ల పెరికి, తుప్పంతా గీకి, కొత్తది సుత్తితో దిగ్గొట్టింది. వేళ్లు మూడుచోట్ల చీరుకుపోయాయి. దెబ్బకో తిట్టు, ఎక్కువ ఫకుందోకే. సాయంత్రం రేడియేటర్ నింపి కొండ దాకా వెళ్లొచ్చాం. ఒక్క బొట్టు తగ్గలేదు.

శనివారం ఏడుకి పావుగంట ముందే తూము దగ్గరున్నాం. తూము దగ్గరే ఉంచే కర్ర అప్పటికే ఫకుందో చేతిలో ఉంది. రఫెలీటా చెయ్యి చాపింది. అతను బండి వైపు ఓసారి చూసి కర్ర ఇచ్చేశాడు.

పదింటికి ఆవిడ, జనం పూడిక తీసిన వంతులు చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఎవరిది ఇది?"

"నాదే," అన్నాడు ఫకుందో. "నిరుడూ ఇంతే తీశా. ఎవరూ ఏమనలేదు."

ఆవిడ కర్ర దింపి చూసింది. జానెడు బురద అలాగే ఉంది.

"నిరుడు గొడవెందుకని ఊరుకున్నా. తప్పు నాదే. దిగు, మళ్లీ తియ్యి."

నలభైమంది పారల మీద ఆనుకుని చూస్తున్నారు. తన తరఫున ఎవరైనా మాట్లాడతారేమోనని ఫకుందో చుట్టూ చూశాడు. పార తీసుకుని కాలవలోకి దిగాడు.