పంటకుంటలో మొదటి పాఠం

పొదిలిలో రాగసుధ వాళ్ళ అన్నయ్య ఉండే వీధికి మూడు రోజులకొకసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. హారన్ వినపడగానే వదిన శ్రీదుర్గ డ్రమ్ములు గుమ్మం ముందుకు దొర్లించేది. రాగసుధ బిందెలు పట్టుకుని వరసలో నిలబడేది. సముద్రం అడుగుకు మనుషుల్ని తీసుకెళ్ళి, అక్కడ ఊపిరి పీల్చడం నేర్పి, క్షేమంగా పైకి తీసుకొచ్చే అర్హత ఆ పిల్లకు ఉందని ఆ వరసలో ఎవరికీ తెలియదు. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమడుగుతారో, దానికి తనేం జవాబు చెప్పాలో తేలక ఊరుకుంది.

ఆమెకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. తండ్రి శేషాచలం గారు అద్దంకిలో పౌరోహిత్యం చేసేవారు. తల్లి చిన్నప్పుడే పోయింది. సుధ ఒంగోల్లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా తండ్రి కూడా పోయారు. అన్నయ్య శశిభూషణ్ పొదిలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. చెల్లెల్ని బీఈడీ చెయ్యమన్నాడు. ఆమె మాత్రం అండమాన్‌లో ఒక రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయింది.

వెళ్ళేనాటికి ఆమెకు ఈత కూడా రాదు. ఏడాది తిరిగాక రిసార్టు వాళ్ళు సిబ్బందికి ఉచితంగా ఒకసారి డైవింగ్ చేయించారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట గొట్టం కరుచుకుని పది నిమిషాలు నీళ్ళ కింద ఉండి వచ్చింది. మర్నాడే ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది. తర్వాత మూడేళ్ళూ సెలవు రోజుల్లో డైవింగ్ సెంటర్‌లో సిలిండర్లు మోసింది, రబ్బరు సూట్లు కడిగింది, పడవ తాళ్ళు కట్టింది. మెట్టు మీద మెట్టుగా పరీక్షలు రాసి, ఒక మే నెలలో ఇన్‌స్ట్రక్టరయింది. ఆ వారమే వానలు పట్టి సెంటర్ మూసేశారు. వచ్చే సీజనుకు కొత్తవాళ్ళను తీసుకోవడం లేదన్నారు. సుధ తన మాస్కు, ఊపిరి గొట్టం, కాళ్ళకు తొడిగే ఫిన్స్, సూటు పెద్ద సంచిలో సర్దుకుని పొదిలి బస్సు దిగింది.

విదేశాల్లో ఉద్యోగాలు బోలెడు ఉంటాయని తోటివాళ్ళు చెప్పారు. నిజంగానే ప్రకటనలు రోజూ కనపడేవి. థాయిలాండ్, ఈజిప్టు, ఇండోనేషియా, మాల్దీవులు. అన్నిటికీ రాసింది. చాలామంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్ళలో ఒకరు జర్మన్ వచ్చా అన్నారు, ఇంకొకరు రష్యన్. ఒకాయన కనీసం వందమందికి నేర్పి ఉండాలన్నాడు. మొదటి మనిషికి నేర్పే అవకాశమే ఎవరూ ఇవ్వనప్పుడు వందమంది ఎక్కణ్ణించి వస్తారని ఆమె ఉత్తరం రాసి, పంపకుండా కొట్టేసింది. ఒకడు ఈత దుస్తుల్లో ఫొటోలు మాత్రం అడిగాడు. అతని నంబరు తీసేసింది.

శ్రావణం వెళ్ళింది, దసరా వెళ్ళింది. పొలాల్లో మిరప మొక్కలు మోకాళ్ళెత్తు పెరిగాయి. సుధ ఇంట్లో కూరలు తరిగేది, అన్నయ్య తెచ్చిన పరీక్ష పేపర్లలో మార్కులు కూడిపెట్టేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక సంచిలోంచి మాస్కు తీసి, అద్దం తుడిచి, మళ్ళీ లోపల పెట్టేది. నీళ్ళ కింద మాటలుండవు కదా, అంతా చేతి సైగలే. అక్కడ బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి వెళ్దామని. ఒకరోజు ఉప్మా ఎలా ఉందని వదిన అడిగితే సుధ పరధ్యానంగా చూపుడువేలూ బొటనవేలూ సున్నాలా కలిపి చూపించింది. శ్రీదుర్గ మొహం చిన్నబోయింది. సున్నా మార్కులు కాదని, అది బాగుందనే గుర్తని సుధ ఎంత చెప్పినా ఆవిడ నమ్మినట్టు కనపడలేదు.

కార్తీకంలో ఎవరో బంధువులు వచ్చి అమ్మాయి ఏం చేస్తోందని అడిగారు. శశిభూషణ్ తడుముకోకుండా, మెరైన్ డిపార్ట్‌మెంటులో పోస్టు వచ్చిందనీ, ఆర్డర్లు రావాలనీ చెప్పాడు. పక్కగదిలో ఉన్న సుధకు అన్నీ వినపడ్డాయి. అన్నయ్య మీద కోపం రాలేదు. తను నిజంగా చేసే పనికి ఈ ఇంట్లో ఒక మాటంటూ లేదని మాత్రం అర్థమైంది. ఆ రోజు నుంచి తన పని గురించి ఇంట్లో మాట్లాడటం మానేసింది.

జనవరి ఆఖరులో మాల్దీవుల్లోని ఒక రిసార్టు నుంచి జవాబు వచ్చింది. ఆ రిసార్టుకు మన దేశం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ, హిందీ వచ్చిన ఇన్‌స్ట్రక్టరు కావాలి. అయితే ముందు ఒక వీడియో పంపాలి. ఎన్నడూ నీళ్ళలో తల పెట్టని మనిషికి మాస్కు పెట్టి, గొట్టంతో ఊపిరి పీల్చడం నేర్పుతూ, అతకకుండా ఒకే దఫాలో తీసినది.

ఒంగోల్లో ఈతకొలను మరమ్మతుల్లో ఉంది. సముద్రం దగ్గరికి వెళ్దామన్నా, అలల్లో మొదటిసారి తల పెట్టమంటే ఎవరు పెడతారు? రెండు రోజులు ఆలోచించి, చివరికి అన్నయ్యనే అడిగింది. శశిభూషణ్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, తన క్లాసులో చదివే సిద్దికా వాళ్ళ నాన్న గౌస్ బాషాకు దర్శి రోడ్డులో మిరపతోట ఉందనీ, అందులో పంటకుంట తవ్వించాడనీ చెప్పాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బండి మీద వెళ్ళారు. తోటలో రెండో కోత నడుస్తోంది. కూలి ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకుని వంగి కాయలు కోస్తున్నారు. గాలి నిండా ఘాటు. శశిభూషణ్‌కు తుమ్ములు ఆగలేదు. కుంట తోట చివర ఉంది. నల్ల పట్టా పరిచి, వాన నీళ్ళు నిలవ పెట్టారు. గౌస్ బాషా ఇసక బస్తాలు వేసి మెట్లలా చేసిన చోట నీళ్ళు ఛాతీ దాకా వస్తాయి. సుధ ముందు తను దిగి, పాదాలతో అడుగంతా తడిమి, గట్టు మీది రాతికి తాడు కట్టి నీళ్ళలోకి వదిలింది.

నేర్చుకునే మనిషి కావాలి. గౌస్ బాషా నవ్వి తనకు ఈతొచ్చని చెప్పి తప్పుకున్నాడు. అప్పుడు కూలీల మేస్త్రి రెబ్కా గంప దించి దగ్గరికొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఆమె చూపంతా మాస్కు మీదే ఉంది.

"ఈ అద్దాలు పెట్టుకుంటే కాయ కోసేటప్పుడు కళ్ళు మండవేమో కదమ్మా?" అంది.

మండవని సుధ ఒప్పుకుంది. రెబ్కా మాస్కు మొహానికి ఆనించి చూసుకుని, నీళ్ళలో పని ఎంతసేపని అడిగింది. పావుగంట అంది సుధ. ముఠా వాళ్ళకు కేకేసి చెప్పి, రెబ్కా చొక్కా విప్పకుండానే చీర కుచ్చెళ్ళు బిగించుకుని గట్టు మీదికొచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"మా తమ్ముడు బావిలో మోటారు దించబోయి పోయాడమ్మా. ఇరవై ఏళ్ళయింది. అప్పట్నుంచి నేను నీళ్ళల్లోకి తొంగి చూళ్ళేదు."

సుధ వెంటనే వద్దులెమ్మంది. ఇంకెవరినైనా చూసుకుంటానంది. రెబ్కా కదల్లేదు.

"చూద్దామనే వచ్చా," అంది.

శశిభూషణ్ ఫోను పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మాట్లాడాల్సిన హిందీ ముక్కలన్నీ సుధ ముందురోజే కాగితం మీద రాసుకుంది. ఒక్కటీ నోట రాలేదు. ఆ మనిషికి హిందీ రాదు కదా. తెలుగులోనే చెప్పింది. ముందు గట్టున కూర్చోబెట్టి, గొట్టంతో నోటి ద్వారా ఊపిరి పీల్చడం నేర్పింది. తర్వాత మోకాళ్ళ లోతు, నడుం లోతు. తన అరచెయ్యి వెల్లకిలా పెట్టి, దాని మీద రెబ్కా చెయ్యి ఉంచుకుంది. పట్టుకోలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకోవచ్చని చెప్పింది. మొదటిసారి మొహం నీళ్ళకు తగలగానే రెబ్కా విసురుగా లేచింది. రెండోసారీ అంతే. ఆమె చెయ్యి వణకడం సుధకు తెలుస్తోంది. తొందర పెట్టలేదు. మిరపకాయ ధర గురించి అడిగింది, కోత ఎన్నాళ్ళుంటుందని అడిగింది. జవాబు చెబుతూ చెబుతూనే రెబ్కా మూడోసారి తల వంచింది.

ఈసారి లేవలేదు. గొట్టంలోంచి ఊపిరి బుస్సుమని వస్తోంది, పోతోంది. ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా. ముఠా ఆడవాళ్ళు కోత ఆపి చూస్తున్నారు. సుధ తన అరచేతి మీద ఉన్న చేతినే చూస్తూ ఉండిపోయింది. వణుకు తగ్గింది. ఇంకాసేపటికి పూర్తిగా ఆగింది.

రెబ్కా తల పైకెత్తి, మాస్కు నుదుటి మీదికి తోసుకుంది.

"ఏమీ లేదమ్మా లోపల," అంది. "పచ్చగా ఉంది. నా ఊపిరి నాకే వినపడతంది. మావోడికీ ఇట్టాగే వినపడి ఉంటది."

సుధ ఆమె భుజం మీద చెయ్యి వేసి గట్టుకు తీసుకొచ్చింది. రెబ్కా మొహం తుడుచుకుని, గంప ఎత్తుకుని వరసలోకి వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాలుండాల్సిన వీడియో పద్దెనిమిది నిమిషాలొచ్చింది. అంతా తెలుగే. ఇంకోసారి తీద్దామని అడగడానికి సుధకు మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు పంపేసింది. వారం తర్వాత ఆ రిసార్టు మేనేజరు ఫోను చేసింది. శ్రీలంక ఆవిడ, మెల్లగా మాట్లాడుతుంది. వీడియో చివరి దాకా చూశానంది. ఆ పెద్దావిడ ఆఖరున ఏమందని అడిగింది. సుధ ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత ఆవిడ, హిందీ ధారాళంగా వచ్చిన మనిషి ఒకరు దొరికారనీ, ఈ సీజనుకు కుదరదనీ, మన్నించమనీ చెప్పి పెట్టేసింది.

ఆ తర్వాతి రెండు నెలలూ సుధ జీవితంలో అన్నిటికన్నా బరువైనవి. కుంట దగ్గర జరిగినదాని గురించి అన్నయ్య ఒక్కమాట మాట్లాడలేదు. పిలిచి చెప్పుకోవడానికి ఆమెకు ఎవరూ లేరు. అండమాన్ స్నేహితులు పగలంతా నీళ్ళలో ఉండేవాళ్ళు, సాయంత్రం ఫోనెత్తినా ఆ రోజు చూసిన చేపల గురించే చెప్పేవాళ్ళు. విని పెట్టేసేది. ఎండలు ముదిరాయి. సంచిలో ఉన్న సూటు రబ్బరు మోచేతుల దగ్గర పగిలింది. కొన్ని రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తను పలికిన మాటలు లెక్కపెడితే పదీ పదిహేను కూడా ఉండేవి కావు. బీఈడీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు నింపింది.

ఏప్రిల్ మూడో వారంలో ఆ మేనేజరే మళ్ళీ ఫోను చేసింది. తీసుకున్న ఇన్‌స్ట్రక్టరు చెవి దెబ్బతిని వెళ్ళిపోయాడు. పన్నెండు రోజుల్లో రాగలవా, మూడు నెలలు చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతానంది. వస్తానంది సుధ. ఫోను పెట్టేశాక వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. అన్నయ్య పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఒంగోలు వెళ్ళాడు. వదిన పెసరపప్పు ఏరుతోంది. ఆవిడకే చెప్పింది. శ్రీదుర్గ చాట పక్కన పెట్టి, అక్కడ అందరూ చేపలు తింటారా అని అడిగింది. అవునంది సుధ. కందిపొడి, కరివేపాకు పొడి చేసిస్తాను, నీళ్ళ తడి తగలకుండా చూసుకో అంది.

చెన్నై వెళ్ళే రైలెక్కించడానికి శశిభూషణ్ ఒంగోలు స్టేషన్‌కు వచ్చాడు. సంచి తనే మోశాడు. రైలు వచ్చేముందు అన్నాడు.

"మెరైన్ డిపార్ట్‌మెంటని అందరికీ చెప్పానే. నీకు తెలుసు కదా?"

"తెలుసన్నయ్యా."

"ఆ రోజు కుంట దగ్గర నువ్వేం చేస్తున్నావో చూశాను. దాన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలీదు సుధా. తెలిస్తే అదే చెప్పేవాణ్ణి."

రైలొచ్చింది. సుధ సంచి అందుకుని ఎక్కింది.

ఆ దీవిని ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి పన్నెండు నిమిషాలు. పద్నాలుగు దేశాల మనుషులు పనిచేస్తున్నారు, తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి మంచిదే గానీ ఆమె షిఫ్టు వేరు, ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకునేవాళ్ళు. సుధ భోజనశాలలో అన్నంలో పొడి కలుపుకుని, గోడ వైపు బల్ల దగ్గర తినేది. కాలికి రాయి తగిలినప్పుడు "అమ్మా" అనడం తప్ప ఆమె నోట తెలుగు వినపడేది కాదు. అండమాన్‌లో పట్టుబడ్డ హిందీ విని అతిథులు నవ్వేవాళ్ళు. ఆమె తప్పులు రాసి పెట్టుకుని దిద్దుకుంది.

రెండో నెలలో ఇండోర్ నుంచి ఒక భారీ మనిషి భార్యతో వచ్చాడు. నడుం లోతు నీళ్ళలో ఊపిరాడక గింజుకుని, పైకొచ్చి అందరిమీదా అరిచాడు. పరికరాలు పాడైపోయాయన్నాడు. సుధ వాదించలేదు. అతని భార్యను పడవతో పంపించి, అతన్ని ఒడ్డున కూర్చోబెట్టి తను కూడా పక్కన కూర్చుంది. అరగంట తర్వాత అతనే నెమ్మదిగా, చిన్నప్పుడు చెరువులో మునిగిన సంగతి భార్యకు తెలియదని చెప్పాడు. సాయంకాలం దాకా అతనితో మోకాళ్ళ లోతులోనే ఉంది. మర్నాడు అతను నీళ్ళ కింద తాబేలును చూశాడు. ఆ వారమే మేనేజరు రెండేళ్ళ ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టించింది. భయపడే అతిథులు ఎవరొచ్చినా ఇక సుధ దగ్గరికే పంపేవాళ్ళు.

నీళ్ళ కింద ఉన్నంతసేపు ఆమెకు పలకరించే మనిషి లేని లోటు తెలిసేది కాదు. పైకొచ్చి, సూటు విప్పి, ఉప్పు కడుక్కుని గదికి నడిచేటప్పుడు తెలిసేది. ఏడాది గడిచినా అది తగ్గలేదు. తగ్గుతుందని ఎదురుచూడటం మాత్రం మానేసింది.

రెండో ఏడు వానాకాలంలో సిబ్బంది సగం మంది ఇళ్ళకు వెళ్ళారు. ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో కూర్చుని గొట్టాలు కడుగుతుంటే అన్నయ్య ఫోను చేశాడు. అక్కడ వాన పడుతోందా అని అడిగాడు. పడుతోందంది. పొదిలిలో చుక్క లేదన్నాడు. దసరాకు సెలవిస్తారా అన్నాడు.

ఇవ్వలేదని చెప్పడం తేలిక.

"ఇచ్చారన్నయ్యా. నేనే రావట్లేదు. వస్తే మళ్ళీ అదే గదిలో కూర్చుంటాను. ఇంకొన్నాళ్ళు పోనీ."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది.

"సరేలే," అన్నాడు శశిభూషణ్. "రావాలనిపించినప్పుడే వద్దువు."

ఫోను పెట్టేసి ఆమె మిగిలిన గొట్టాలు కూడా మంచినీళ్ళలో ముంచి కడిగి, వరసగా తీగకు తగిలించింది. పడవ మధ్యాహ్నం మూడింటికి. ఆ రోజు నేర్చుకునే కొత్తవాళ్ళు ఇద్దరున్నారు.