మోకాలి కింద నాలుగు వేళ్ళు

ఈ కాలపు ఆడపిల్లలు ఆఫీసులకు వెళ్తుంటే చూడటం ఆవిడకు భలే ముచ్చట. ప్యాంటు వేసుకున్న పిల్ల, చీలమండల దాకా గౌను వేసుకున్న పిల్ల, మోకాళ్ళ పైకి స్కర్టు వేసుకున్న పిల్ల ఒకే బస్సెక్కి ఒకే ఆఫీసు ముందు దిగుతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. బాల్కనీలో కుర్చీ వేసుకుని వాళ్ళను చూస్తూ, "అదృష్టవంతులు" అంటుంది. ఆ వెంటనే "అయినా మా రోజుల్లో..." అని మొదలుపెడుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్ళందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

ఆ రోజుల్లో ఆవిడ ఊళ్ళోకెల్లా పెద్ద హోటల్లో టెలిఫోన్ ఆపరేటరు. మెట్ల కింద ఇరుకు గది, గదికి పచ్చటి తెర, తెర వెనక తీగల బోర్డు, బోర్డు ముందు ఈ పిల్ల. గదుల్లో దిగినవాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు, మొహం మాత్రం తెలియదు. హోటల్లో పనిచేసేవాళ్ళు సరదాగా "గొంతమ్మ" అని పేరు పెట్టారు. ఆమె కూడా నవ్వేసేది గానీ, తెర సందులోంచి ముందు హాలు వంక చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

హాలంటే మరో లోకం. నున్నటి రాతి నేల, తళతళలాడే ఇత్తడి గంట, పొడవాటి కౌంటరు, దాని వెనక నిటారుగా నిలబడ్డ అమ్మాయిలు. వాళ్ళందరి మీదా అజమాయిషీ చేసే సూపర్వైజరును అందరూ పెద్దక్క అనేవాళ్ళు. పొద్దున్నే అమ్మాయిలను వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి మోకాలి కింద తన నాలుగు వేళ్ళు ఆనించి చూసేది. స్కర్టు అంచు సరిగ్గా చిటికెన వేలి దగ్గర ఆగాలి. అంతకు పైకి ఉండకూడదు, కిందికీ ఉండకూడదు.

"మరీ పొట్టిగా ఉంటే వచ్చినవాళ్ళు గదుల సంగతి మర్చిపోతారు. మరీ పొడుగ్గా ఉంటే ఇల్లూడుస్తూ ఊడుస్తూ వచ్చేసినట్టుంటుంది. హుందా అంటే ఇదీ" అనేది పెద్దక్క, వేళ్ళు చూపించి.

అదే కౌంటర్లో మగపిల్లలూ ఉండేవాళ్ళు. ప్యాంటు ఊడిపోకుండా ఉంటే చాలు, వాళ్ళ హుందాకు ఏ లోటూ రాలేదు. ఆ వేళ్ళు పెద్దక్కవే గానీ కొలత ఏ మగ మహారాజు పెట్టాడో, అతగాడికి మన మోకాళ్ళతో ఏం పనో అని ఆవిడ ఇప్పటికీ రుసరుసలాడుతుంది.

ఒక శుక్రవారం పెద్దక్క తెర తీసి లోపలికి తొంగి చూసింది. "కౌంటర్లో ఒక పిల్ల మానేస్తోంది. నీకు మాట్లాడటం వచ్చు. సోమవారం నుంచి నిలబడతావా?"

"నిలబడతానక్కా!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది గొంతమ్మ.

పెద్దక్క చూపు ఆమె పాదాల దాకా జారిన స్కర్టు మీద పడింది. "ఈ జెండాగుడ్డతో కాదు. కొలత తెలుసుగా? సోమవారం పొద్దున సరిగ్గా లేకపోతే ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది."

చిక్కంతా అక్కడే ఉంది. గొంతమ్మ కుడి పిక్క మీద అరచేయంత కాలిన మచ్చ. నడక నేర్చే వయసులో పడింది. తల్లి దర్జీపని చేసేది. ఎవరికో అర్జెంటుగా ఇవ్వాల్సిన బట్ట ఇస్త్రీ చేస్తుంటే, బల్ల కింద ఆడుకుంటున్న పిల్ల మీదికి ఇస్త్రీ పెట్టె జారింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఏనాడూ ఎత్తలేదు. అప్పటినుంచీ తల్లి కుట్టిన ప్రతి గౌనూ, ప్రతి స్కర్టూ పాదాల దాకానే. బడిలో తోటిపిల్లలు మోకాళ్ళ గౌన్లలో గెంతుతుంటే ఈమె కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తేది. స్నానం చేయించేటప్పుడు కూడా తల్లి ఆ కాలి వంక చూసేది కాదు. సబ్బు రాసే చేయి ఒక వైపు, మొహం ఇంకో వైపు.

పిల్లకు అర్థమైంది ఒక్కటే. తన కాలు చూడదగ్గది కాదు, కన్నతల్లి కూడా చూడలేనంత వికారమైంది.

శుక్రవారం సాయంత్రం సంగతి చెబితే తల్లి సంబరపడింది. మంచి నీలం గుడ్డ తీసి అప్పటికప్పుడు కత్తిరించింది. శనివారం పొద్దున తొడుక్కుని చూస్తే అంచు చీలమండల మీద ఆడుతోంది.

"ఉతికితే పొట్టిదవుతుందే అమ్మడూ" అంది తల్లి.

విప్పి మళ్ళీ కుట్టింది. ఈసారి పిక్కల సగం దాకా వచ్చి ఆగింది. "టేపు పాతదైపోయింది, సాగింది" అంది. మూడోసారి ఇంకాస్త మడిచింది. అయినా మచ్చ మొత్తం కప్పుకునే ఉంది. "ఏసీ హాల్లో కాళ్ళకు చలేస్తుంది కదా" అని గొణిగింది.

వీధి వీధంతా బట్టలు తెచ్చి ఇచ్చేది ఆమెకు. మనిషిని గుమ్మంలో చూసి నడుము కొలత చెప్పగల మనిషి. అలాంటిది కన్నకూతురి మోకాలు ఎక్కడుందో తెలియక తిప్పలు పడుతోందంటే ఎవరు నమ్ముతారు? ఆదివారం మధ్యాహ్నానికి గొంతమ్మ ఓపిక అయిపోయింది.

"నా కాలు అంత అసహ్యంగా ఉందా అమ్మా? నీకు చూడబుద్ధి కాకపోతే మానెయ్. రేపు లోకమంతా చూస్తుంది, చూడనీ!"

తల్లి మిషను ఆపేసింది. గొంతమ్మ ఒళ్ళు తెలియని కోపంతో బల్ల మీది కత్తెర లాక్కుని, తొడుక్కున్న స్కర్టును తొడుక్కున్నట్టే కరకరా కత్తిరించేసింది.

దర్జీ కూతురే గానీ ఆమెకు బొత్తాం కుట్టడం కూడా రాదు. ఒక వైపు మోకాలికి ఆరు వేళ్ళ కింద ఆగింది, ఇంకో వైపు పిక్క మీద నాలికలా వేలాడింది. వెనక ఎలా ఉందో చూసుకోవడానికి అద్దం ముందు గిర్రున తిరుగుతుంటే ఏడుపొచ్చేసింది.

ఆ మర్నాడు ఆమె కౌంటర్లో నిలబడింది. పెద్దక్క వేళ్ళు ఆనించి చూసి తలూపింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ హాల్లోనే ఉంది, తనే పెద్దక్క కూడా అయింది, ఆ కొలత పద్ధతిని తన హయాంలోనే ఎత్తేయించింది. అవన్నీ గర్వంగానే చెబుతుంది. కానీ ఎవరైనా నిజంగా కూర్చుని వింటే, గొంతు తగ్గించి ఆ ఆదివారం మధ్యాహ్నానికే వస్తుంది. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ గది, కిటికీలోంచి పడే ఎండ, మిషను నూనె వాసన ఇంకా అలాగే ఉన్నాయంటుంది. అక్కడికి ఒక్కసారి వెళ్ళి రానిస్తే బాగుండునంటుంది.

ఆ మధ్యాహ్నం తల్లి ఆ వంకర అంచు వంక చూసింది. కూతురి కోపాన్ని భరించింది గానీ, ఆ కత్తిరింపును భరించడం ఆమె వల్ల కాలేదు.

"ఎలకలు కొరికినట్టుంది. దర్జీదాని కూతురివని ఎవరితోనూ చెప్పకు. ఇలా రా, స్టూలెక్కు."

గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, సుద్దముక్క చేత్తో పట్టుకుని, కూతురి కాళ్ళ దగ్గర నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. మచ్చ సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తుకు వచ్చింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

గుడ్డ మడిచి మొదటి సూది గుచ్చింది. "తిరుగు" అంది.

గొంతమ్మ కాస్త తిరిగింది. ఇంకో సూది. మళ్ళీ "తిరుగు." వెనక వైపుకు వచ్చేసరికి తల్లి చేయి ఆగిపోయింది. నోట్లోంచి సూదులు తీసేసింది.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

"ఎప్పుడో తగ్గిపోయిందమ్మా. అప్పుడు నొప్పి పుట్టిందో లేదో కూడా నాకు గుర్తు లేదు."

"నాకు గుర్తుంది" అంది తల్లి. "నువ్వు ఏడ్చిన ఏడుపు ఇంకా వినిపిస్తుంది. నీ కాలు అసహ్యమని కాదే. దాన్ని చూస్తే నా చేతులు నాకు అసహ్యం."

మాటలతో బతికే గొంతమ్మ వంగి తల్లి తల మీద చేయి వేసింది. తల్లి ముక్కు తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది.

అంచు చుట్టూ సూదులన్నీ పూర్తయ్యాయి. సుద్ద గీత కూడా అయిపోయింది. స్కర్టు ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. ఆ సంగతి స్టూలు మీదున్న పిల్లకూ తెలుస్తూనే ఉంది. తల్లి మాత్రం నేల మీంచి లేవలేదు.

"ఇంకోసారి తిరుగు" అంది.

ఆమె మెల్లిగా తిరిగింది.